దర్భగడ్డికి కోత, ఎరువు: గ్రేటర్ నోయిడా పచ్చికలో మూడు వర్షాకాలాలు

సంస్థలో 28 సంవత్సరాలుగా ట్రాన్స్‌ఫార్మర్లు, బ్యాటరీ బ్యాంకులు, స్విచ్‌గేర్‌ల మధ్య గడిపిన ఇంజనీరు గడ్డిని గురించి వ్యాసం వ్రాయడమేమిటని పాఠక మిత్రులకు సందేహం కలుగవచ్చును. గ్రేటర్ నోయిడా కార్యాలయానికి బదిలీపై వచ్చిన కొద్ది మాసాలకే ఎస్టేట్ విభాగపు అదనపు బాధ్యత నాకు అప్పగించబడినది. లిఫ్టులు, నీటి పంపులు, వీధి దీపాలతోపాటు అతిథి గృహం ముందున్న అర ఎకరం పచ్చిక కూడా నా పరిధిలోనికి వచ్చినది. మొదటి మూడింటికి నా చదువు సరిపోయినది. నాలుగవదాని విషయంలో నేను చేసిన పొరపాటు వలన తప్పు లేని మనిషికి బిల్లులో కోత పడినది. ఆ సంగతి చెప్పుకొనుటకే ఈ వ్యాసం.

గ్రేటర్ నోయిడా ప్రాంతం యమునా, హిండన్ నదుల దాపున ఉన్న ఒండ్రు నేల. 1991లో పారిశ్రామికాభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడేవరకు ఇదంతా పొలాలు, పల్లెలు, నదీతీరపు గడ్డి భూములు. నేటికీ యమున వైపు వెళ్తే రెల్లు, ముంజ, దర్భ ఒకదానిలో ఒకటి కలిసి పెరిగి కనిపిస్తాయి. మా పచ్చిక మాత్రం దూబ్, అనగా మన గరిక. 2021 శీతాకాలంలో పచ్చికలో పల్లంగా ఉన్న భాగాన్ని ఎత్తు చేయడానికి లారీలతో మట్టి తెప్పించి పరిచారు. ఆ మట్టిని ఎవరూ జల్లెడ పట్టలేదు. 2022 వర్షాకాలంలో గరిక మధ్య నుండి పసుపు ఛాయ గల నిటారు ఆకులు, కత్తుల వరుసవలె, లేచాయి.

ఆ గడ్డి దర్భ. వృక్షశాస్త్రంలో దీని పేరు ఇంపెరాటా సిలిండ్రికా. పేర్ల విషయంలో కొంత గందరగోళం ఉన్నది. మన పురోహితులు దర్భ అన్నా కుశ అన్నా ఒకే అర్థంలో వాడటం కద్దు. ఆయుర్వేదం మాత్రం తృణపంచమూలంలో కుశ, కాశ, శర, దర్భ, ఇక్షు అని ఐదింటిని వేరువేరుగా లెక్కించినది. అందులోని కుశ వేరొక గడ్డి. దర్భ మన కథలోనిది. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే దీని తెల్లని నడిమి ఈనె సరిగా మధ్యన ఉండక ఒక అంచు వైపుకు జరిగి ఉంటుంది. పూత వెండి పట్టుకుచ్చువలె మెత్తగా ఉంటుంది. మా మాలీ మాత్రం రెండింటినీ డాభ్ అనే పిలిచేవారు.

గోదావరి కాలువగట్ల మీద దర్భ కోసుకొని వచ్చే మా తాతగారిని చిన్నతనంలో చూశాను. పొలాల అమావాస్యనాడు స్నానం చేసి, కొడవలి పట్టుకొని, ప్రతి సంవత్సరం అదే గట్టుకు, దాదాపు అదే చోటికి వెళ్ళేవారు. సంవత్సరానికి సరిపడా దర్భ తెచ్చి నీడన ఆరబెట్టి కట్టలు కట్టేవారు. మరుసటి సంవత్సరానికి ఆ చోట దర్భ తగ్గినట్లు ఎన్నడూ కనిపించలేదు. పాత ఎండు ఆకు పోయి, మరింత నవనవలాడుతూ ఉండేది. సంవత్సరానికొక కోత దర్భకు హాని కాదు, క్షవరం మాత్రమే. ఈ జ్ఞానం నాకు ఎనిమిదేళ్ళ వయసులోనే లభించినది గాని, యాభై దాటిన తరువాత అవసరమైనప్పుడు జ్ఞాపకం రాలేదు.

మా పచ్చిక నిర్వహణ ఒప్పందంలో నెలకొకసారి యంత్రంతో కోత, రెండు మాసాలకొకసారి యూరియా అని ఉన్నది. ఆ షెడ్యూలు నేను తయారుచేసినది కాదు. సంతకం మాత్రం నాది. దర్భ కనిపించిన తరువాత నేను చేసిన మార్పు ఒక్కటే. పచ్చిక పాలిపోయినట్లున్నదని యూరియా మోతాదు పెంచాను. యూరియాలో 46 శాతం నత్రజని. గరికకు బలం వచ్చి కలుపును తానే అణచివేయగలదని నా అంచనా.

ఒప్పందం మీద పనిచేసే మాలీ అరవై ఏళ్ళకు చేరువైన పెద్దమనిషి, ఇక్కడి పల్లెకు చెందినవారు. ఆగస్టులో ఒకనాడు నా వద్దకు వచ్చి, "సాబ్, నెలకొకసారి కోస్తే దీనిని కోసినట్లు కాదు, దువ్వినట్లు. పైగా మీరు దీనికి మేత కూడా వేయిస్తున్నారు" అన్నారు. చేతితో పెరకవచ్చును గదా అన్నాను. "పెరికితే తెగినది తెగి, మిగిలినది రెండవుతుంది సాబ్" అన్నారు. పని తప్పించుకొనే మాటలుగా నాకు తోచినవి. 2023 మార్చిలో గరిక ఇంకా చలి బద్ధకం వదలకముందే దర్భ వెండి కుచ్చులతో పచ్చికలో నాలుగవ వంతు తెల్లబడినది. ప్రధాన కార్యాలయం నుండి వచ్చిన ఉన్నతాధికారి ఒకరు ఆ పూతను చూసి బాగున్నదని మెచ్చుకొన్నారు కూడా. కలుపు తీయుటలో నిర్లక్ష్యమని ఫైలులో ఒక నోట్ వ్రాసి, మాలీ బిల్లులో కొంత మొత్తం నిలుపుదల చేయించాను.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, నోట్‌లో వ్రాసినదానికి ఆధారం చూపుదామన్న పట్టుదలతో, నేనే పార తీసుకొని అడుగు పొడవు, అడుగు వెడల్పు గొయ్యి త్రవ్వాను. పైన కనిపించినది పది పన్నెండు పిలకలు. లోపల ఉన్నది వేరొక లోకం. అల్లం కొమ్మువలె నేలలోపల అడ్డంగా ప్రాకే భూగర్భ కాండాలు, తెల్లగా, గట్టిగా, కణుపు కణుపునా పొలుసులతో, వల అల్లినట్లు ఉన్నవి. కొనలు సూదులవలె మొనదేలి ఉన్నవి. ఒక కొన గరిక వేరును గ్రుచ్చుకొని అవతలికి వచ్చినది. ప్రతి కణుపు ఒక మొగ్గ. పారతో నరికిన ప్రతి ముక్కా మరొక మొక్క కాగలదు. మాలీ చెప్పిన "మిగిలినది రెండవుతుంది" అక్షర సత్యం.

ఆ తరువాత ఈ విషయమై దొరికినదంతా చదివాను. దర్భ మొక్క మొత్తం బరువులో 60 శాతానికి పైగా నేలలోపలనే ఉండగలదు. బాగా స్థిరపడిన చోట హెక్టారుకు 40 టన్నుల వరకు పచ్చి భూగర్భ కాండాలు లెక్కించిన సందర్భాలున్నవి. 1977లో హోమ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రకటించిన ప్రపంచపు అతి చెడ్డ కలుపు మొక్కల పట్టికలో దర్భ ఏడవ స్థానంలో ఉన్నది. మొదటిది తుంగ. రెండవది, మిత్రులు ఆశ్చర్యపడవద్దు, మన గరికయే. మనం నీళ్ళుపోసి పెంచుకొనే పచ్చిక ఇంకొకరి పొలంలో అంతటి శత్రువు. కనుక మా పచ్చికలో జరుగుతున్నది సాధువుకూ దుష్టునికీ మధ్య పోరు కాదు. ఇద్దరు గట్టి మల్లులకు జరుగుతున్న కుస్తీ. మనం చేసే కోత, వేసే ఎరువు ఎవరి పక్షాన పడుతున్నవన్నదే ప్రశ్న.

ముందుగా కోత సంగతి. బ్యాటరీ బ్యాంకులు నిర్వహించిన మిత్రులకు ఇది సులభంగా బోధపడుతుంది. భూగర్భ కాండం బ్యాటరీ, ఆకు చార్జర్. ఎండలో ఆకు తయారుచేసిన పిండిపదార్థం క్రిందికి దిగి కాండంలో నిల్వ చేరుతుంది. కోత అనగా చార్జర్‌ను ఊడదీయడం. ఊడదీసిన వెంటనే మొక్క తన నిల్వను ఖర్చు చేసి కొత్త ఆకును పైకి పంపుతుంది. ఆ ఆకు లేతగా ఉన్నంతకాలం తీసుకొనేదే గాని ఇచ్చేది కాదు. కొంత ఎదిగిన తరువాత లెక్క తిరగబడి, నిల్వ మరల నిండటం మొదలవుతుంది. ఆ తిరుగుడుకు ముందే మళ్ళీ కోస్తే నిల్వ ఒక మెట్టు దిగుతుంది. తరువాత కోస్తే దిగిన మెట్టు అది అప్పటికే ఎక్కేసి ఉంటుంది. మా నెలవారీ కోత సరిగ్గా ఈ రెండవ తరహాది. వర్షాకాలంలో మా దర్భ వారం తిరిగేసరికి చూపుడు వ్రేలంత లేచేది. నెలనాటికి మోకాలికి వచ్చేది. నెలకొకసారి దానిని పూర్తిగా చార్జింగ్ కానిచ్చి, అప్పుడు ఆకు కోసి, చూపులకు పని జరిగినదని రిజిస్టరులో వ్రాసుకొనేవారం.

అదే కోత గరికకు ఎందుకు చేటు కాదు? గరిక నేలను కరచుకొని ప్రాకుతుంది. ఒకటిన్నర అంగుళం ఎత్తున బ్లేడు తిరిగితే దాని ఆకులలో చాలా భాగం బ్లేడు క్రిందనే మిగిలి, పనిచేస్తూనే ఉంటుంది. దర్భ ఆకు నిటారు. అదే ఎత్తున దానికి మిగిలేది మోడు మాత్రమే. కనుక తరచు కోత ఇద్దరికీ సమానంగా తగలదు. బ్లేడు మరీ క్రిందికి దించితే మాత్రం గరిక కూడా గోకుడు పడి, నేల బయటపడి, ఆ ఖాళీ దర్భకే దక్కుతుంది. మా యంత్రం బ్లేడు అప్పటివరకు అన్నింటికంటె క్రింది గాడిలో ఉన్నదని, "శుభ్రంగా కనబడాలి" అని నేనే దానిని అక్కడ పెట్టించానని తరువాత గుర్తుకు వచ్చినది.

కోతకు సంబంధించి తెలియవలసిన మరొక సంగతి ఉన్నది. కోత, కాల్పు, మంచు దెబ్బ, నత్రజని ఎరువు, ఇటువంటి కుదుపులు దర్భను పూతకు పురికొల్పుతాయి. ఒక కంకి వేల విత్తనాలను, 3000 వరకు, గాలికి వదలగలదు. ఉన్నతాధికారి మెచ్చుకొన్న మార్చి పూతకు కోతతో, యూరియాతో నేను కూడా నా వంతు సాయం చేశానన్నమాట.

ఇక ఎరువు. చాణక్యుని గురించిన కథ మనలో చాలామంది చిన్ననాడు విన్నదే. కాలికి దర్భ గ్రుచ్చుకొన్నదని, ఆయన దానిని పెరికి ఊరుకోక, మొదళ్ళలో తీపి పోశాడట. కొందరు పానకమంటారు, కొందరు మజ్జిగ అంటారు. తీపికి చీమలు చేరి వేళ్ళను తినివేయగలవని ఆయన ఎత్తుగడ. పగతో మొదలు వరకు వెళ్ళినవాడని చెప్పడానికి ఆ కథ. నేను కూడా దర్భ మొదట్లో పోశాను, కాని నేను పోసినది చీమలకు కాదు, దర్భకే ఇష్టమైనది.

దర్భ నిస్సారమైన నేలలో బ్రతకగలదు. అందుచేత సారవంతం చేస్తే తగ్గుతుందనే అభిప్రాయం ఉన్నది; అది సగం నిజం. నిస్సారమైన నేలలో అది గెలవడానికి కారణం ఇతర మొక్కలు నీరసించడం. ఎరువు వేసినప్పుడు ప్రక్క మొక్క బలపడి దర్భపై నీడ కప్పగలిగితే దర్భ తగ్గుతుంది. ప్రక్క మొక్కకు ఆ అవకాశం లేకుండా దర్భయే నెల రోజులు తల ఎత్తుకొని నిలిచి ఉంటే, వేసిన నత్రజని ఎత్తుగా ఉన్నవాడి ఆకులోనికే పోయి, అక్కడి నుండి పిండిపదార్థమై బ్యాటరీలోనికి దిగుతుంది. ఎరువుకు తనదైన పక్షం లేదు. ఆ సమయానికి ఎవరికి ఆకు ఉన్నదో వారి పక్షం చేరుతుంది.

భాస్వరం విషయమై ఆసక్తికరమైన ఒక ప్రయోగం అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో జరిగినది. అక్కడ దర్భ పరదేశి. 1912 ప్రాంతంలో జపాన్ నుండి నారింజ మొక్కల పెట్టెలలో ప్యాకింగు గడ్డిగా అలబామా రేవు ప్రాంతానికి చేరి, ఆ పెట్టెల నుండి నేలకు దిగినది. 1921లో పశుగ్రాసం కావచ్చునని ఫిలిప్పీన్స్ నుండి కావాలనే తెచ్చి నాటారు. పశువులు ముదురు ఆకును ముట్టలేదు. ఆకు అంచున ఇసుకరాయివంటి సిలికా. ఈనాడు అది అమెరికా కేంద్ర ప్రభుత్వపు నిషిద్ధ కలుపుల జాబితాలో ఉన్నది. 2003లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో, పైన్ వనాలలోని నేలకు భాస్వరం కలిపితే దర్భ విస్తరణ మందగించినట్లు తేలినది. భాస్వరం తక్కువైన నేలలో దర్భకు ఉన్న ఆధిక్యం, ముఖ్యంగా చిక్కుడు జాతి మొక్కలపై ఆధిక్యం, భాస్వరం అందగానే సన్నగిల్లినదని పరిశోధకుల వివరణ. అది చదివి మా పచ్చికలో ఒక మూల సూపర్ ఫాస్ఫేట్ వేయించాను. మా పచ్చికలో చిక్కుడు జాతి మొక్క ఒక్కటీ లేదు. తేడా ఏమీ కనిపించలేదు. ఇతరుల ప్రయోగాన్ని తెచ్చుకొనేటప్పుడు వారి నేలలో ఉన్న తోడు మొక్కలు మన వద్ద ఉన్నవా అని చూసుకోవాలి.

నీడ సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. దర్భకు నీడ పడదు. పశ్చిమాఫ్రికాలోని బెనిన్ దేశపు రైతులు దర్భ ఆక్రమించిన పొలాలలో దురద లేని దూలగొండి రకాన్ని పెంచి, దాని తీగల చీకటిలో దర్భను అణచారు. ఇండొనేషియాలోనూ చెట్ల నీడనే నమ్ముకొన్నారు. పచ్చికకు ఆ ఉపాయం కుదరదు. నీడ పడితే గరిక అంతకన్న ముందే పోతుంది. మందుల విషయానికి వస్తే, గ్లైఫోసేట్ వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం శిక్షణ పొందిన తెగుళ్ళ నివారణ నిర్వాహకులకు పరిమితం చేసినది. పైగా అది గరికను, దర్భను వేరు చేసి చూడదు. పిల్లలు ఆడుకొనే పచ్చికలో ఆ మార్గం నేను తలపెట్టలేదు.

2023 జూలైలో, దర్భ దట్టంగా ఉన్న చోట నాలుగు మళ్ళు గీశాము. ఇది పరిశోధన కాదు. ఒక్కొక్క పద్ధతికి ఒక్కొక్క మడి మాత్రమే. మొదటిది యథాప్రకారం నెలకొక కోత, యూరియా. రెండవది ఎనిమిది రోజులకొక కోత, ఎరువు లేదు. మూడవది ఎనిమిది రోజులకొక కోత. మొదటి ఆరు వారాలు ఎరువు నిలిపి, ఆ తరువాత ప్రతి కోత మరునాడు కొద్దికొద్దిగా యూరియా. నాలుగవదానిని ముట్టుకోలేదు. బ్లేడు ఒకటిన్నర అంగుళం ఎత్తున బిగించాము. మాలీని పిలిచి, మీరు చెప్పినదే చేస్తున్నామన్నాను. ఆయన నవ్వలేదు. "కోత రోజు తప్పకూడదు సాబ్. వాన అని ఒక వారం, యంత్రం చెడినదని ఒక వారం పోతే మొదటికి వస్తుంది" అన్నారు.

అక్టోబరు నాటికి మొదటి మడి నాలుగవదానికంటె దట్టంగా ఉన్నది. ఏమీ చేయకపోవడం మా పాత షెడ్యూలు కంటె మేలు అని దాని అర్థం. ఇది వ్రాయడానికి నాకు సంతోషంగా లేదు. రెండవ మడిలో దర్భ ఆకులు సన్నబడి, పాలిపోయి, ఎడం ఎడంగా వచ్చినవి. కాని గరిక కూడా బక్కచిక్కి, మధ్యన మట్టి కనిపించినది. మూడవ మడిలో గరిక చాపవలె అల్లుకొన్నది. దర్భ ఆ చాపను చీల్చుకొని అక్కడక్కడ ఒంటరి ఆకుగా మాత్రం వచ్చినది. ఎరువు అదే యూరియా. వేసిన వేళ వేరు, అప్పటికి నిలిచి ఉన్న ఆకు వేరు. 2024 వర్షాకాలంలో మొత్తం పచ్చికకు మూడవ మడి పద్ధతినే అమలు చేశాము. మరల గొయ్యి త్రవ్వి చూస్తే భూగర్భ కాండాలు ఉన్నవి, కాని చాలావరకు గోధుమ రంగుకు తిరిగి, వ్రేళ్ళ మధ్య నలిపితే బెండువలె విరిగినవి. తెల్లనివి లేకపోలేదు. ఒక్క వర్షాకాలంతో తేలే వ్యవహారం కాదిది.

విద్యుత్ కేంద్రాలలో పనిచేసే మిత్రులకు ఒక మాట. స్విచ్‌యార్డులలో పరచిన కంకరను కూడా దర్భ చీల్చుకొని రాగలదు. మే నెలలో ఎండిన దర్భకు నిప్పు తగిలితే క్షణాలలో అంటుకొంటుంది. కాలిన తరువాత అందరికంటె ముందు చిగిర్చేది కూడా అదే, ఎందుకంటే దాని పెట్టుబడి అంతా నేల క్రింద భద్రంగా ఉన్నది. సంవత్సరానికొకసారి, అగ్నిమాపక తనిఖీకి ముందు కోయించడం మన అలవాటు. అది మా తాతగారి కోత వంటిదే.

బిల్లు సంగతి మిగిలినది. 2023 నవంబరులో మరొక నోట్ వ్రాశాను. కలుపు పెరుగుదలకు కారణం నిర్వహణ షెడ్యూలులోని లోపమనీ, యూరియా మోతాదు పెంచినది నేననీ, నిలుపుదల చేసిన మొత్తాన్ని విడుదల చేయవలెననీ కోరాను. ఒకసారి నిలిపినదాన్ని విడుదల చేయడానికి నిలపడానికన్న ఎక్కువ సంతకాలు కావలసి వచ్చినవి. నాలుగు మాసాలు పట్టినది. సొమ్ము అందిన రోజున మాలీ నా గదికి వచ్చి, నేను క్షమాపణ చెప్పబోతే అడ్డుకొని, మోవర్‌కు కొత్త బ్లేడు ఎప్పుడు వస్తుందని అడిగారు.

పచ్చికలో యంత్రం చేరని చోట్ల, దీపస్తంభాల మొదళ్ళలో, కాలిబాట అంచున, కంచె మొక్కల క్రింద దర్భ నేటికీ క్షేమంగా ఉన్నది. అక్కడ నుండి ప్రతి జూలైలో లోపలికి కొన చాపుతుంది. పడమటి గోడ ప్రక్క ఒక చారను కాలనీలోని తెలుగువారి కోరికపై కావాలనే వదిలాము. మహాలయ పక్షంలో తర్పణాలకు అక్కడ కోసుకొంటారు. ఆకు మాత్రమే కోయాలి, పెరకరాదు అని ఒక బోర్డు పెట్టించాను. మట్టి అంటిన మోవర్‌ను కడగకుండా వేరొక పచ్చికకు తీసుకొని పోరాదని కూడా ఆదేశం ఇచ్చాము, చక్రాలకు అంటిన ఒక్క కణుపు చాలును గనుక. గత వారం పిల్లల పార్కుకు వెళ్ళినప్పుడు, ఆ మోవర్ అక్కడ ఉయ్యాల ప్రక్కన మట్టితోనే నిలబెట్టి ఉన్నది. మాలీ, నేను కలిసి గొట్టం తెచ్చి కడిగాము. ఈ జూలైలో పార్కును కూడా చూడవలసి ఉన్నది.